ఎస్‌జీపీటీ ఎక్కువ, లివర్ బాగానే ఉంది, ఏఎన్‌ఏ నెగెటివ్: మరి మయోసైటిస్ ప్రొఫైల్ ఎందుకు?

అమ్మగారు కుర్చీలోంచి లేవడానికి అవస్థ పడుతున్నారని, లివర్ పరీక్షల్లో చూసే ఎంజైమ్‌లు ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ పెరిగినా లివర్ స్కాన్ నార్మల్‌గా వచ్చిందని రాశారు. ఏఎన్‌ఏ (సొంత కణాల న్యూక్లియస్‌పై గురిపెట్టే యాంటీబాడీల పరీక్ష) కూడా నెగెటివ్ వచ్చాక సీపీకే (కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్), మయోసైటిస్ ప్రొఫైల్ (కండరాల వాపు జబ్బు అయిన మయోసైటిస్‌కు సంబంధించిన యాంటీబాడీల పరీక్ష) దేనికని మీ ప్రశ్న. నేను డాక్టర్ని కాదు. కండరాలనూ ఊపిరితిత్తులనూ దెబ్బతీయగల యాంటీసింథటేజ్ సిండ్రోమ్ అనే ఇలాంటి జబ్బుతోనే కొన్నేళ్లుగా నెట్టుకొస్తున్నాను. నాకు తెలిసింది చెప్తాను.

ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ లివర్‌లోనే కాదు, కండరాల్లో కూడా ఉంటాయి. కండరం దెబ్బతింటే అవీ రక్తంలోకి వస్తాయి. నన్ను కూడా మొదట్లో లివర్ పేషెంట్‌గానే చూశారు. జీజీటీ (లివర్‌లో ఉండి, కండరాల్లో దాదాపు ఉండని ఎంజైమ్) చేయించి, అది నార్మల్‌గా ఉండి, సీపీకే వేలల్లో ఉంటే అనుమానం కండరాల మీదికి మళ్లుతుంది. మామూలుగా సీపీకే 200 లోపు ఉంటుంది, ల్యాబ్‌ను బట్టి కాస్త అటూ ఇటూ. దాంతోపాటు ఆల్డొలేజ్, ఎల్‌డీహెచ్ అనే మరో రెండు ఎంజైమ్ పరీక్షలు కూడా రాస్తారు. థైరాయిడ్ బాగా తగ్గినా సీపీకే పెరుగుతుంది కాబట్టి టీఎస్‌హెచ్ చేయించకపోయి ఉంటే అడగండి.

శాంపిల్ ఇచ్చే ముందు కొన్ని రోజులు ఆమెతో బరువైన పనులు చేయించకండి. కండకు వేసే ఇంజెక్షన్ వల్ల, ఈఎంజీ (కండరాల్లో విద్యుత్ చర్యను చూసే పరీక్ష) సూదుల వల్ల కూడా సీపీకే పెరగొచ్చు. ఈమధ్య అలాంటివి జరిగి ఉంటే ముందే డాక్టరుకు చెప్పండి. స్టెరాయిడ్ వాడి ఉంటే అదీ చెప్పాలి, దానివల్ల సీపీకే తగ్గి కనిపించవచ్చు. అలాగని మందులు మీ అంతట మీరు ఆపేయొద్దు.

ఇక ఏఎన్‌ఏ. నాదీ నెగెటివే. నాకున్నది జేఓ-1 యాంటీబాడీ. అది గురిపెట్టేది కణం మధ్యలో ఉండే న్యూక్లియస్‌ను కాదు, దాని చుట్టూ ఉండే సైటోప్లాజంలోని ఎంజైమ్‌ను. అందుకే ఏఎన్‌ఏ నెగెటివ్ అని రాసిన రిపోర్టు కిందే ఒక్కోసారి చిన్న అక్షరాల్లో 'సైటోప్లాస్మిక్ ప్యాటర్న్' అని ఉంటుంది. మీ కాగితం మళ్లీ తీసి ఆ లైన్ ఉందేమో చూడండి. ఉంటే డాక్టరుకు చూపించండి. లేకపోయినా ప్రొఫైల్ మానుకోనక్కర్లేదు.

ఆ ప్రొఫైల్ చాలా ల్యాబుల్లో ఒక సన్నటి స్ట్రిప్ మీద చేస్తారు. ఒక్కో యాంటీబాడీకి ఒక్కో గీత. గీత ఎంత ముదురుగా వస్తే అన్ని ప్లస్‌లు. ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇక్కడే. ఒకే ఒక్క ప్లస్ వచ్చిందనగానే నెట్‌లో ఆ పేరు వెతికి భయపడకండి. వీక్ పాజిటివ్‌లలో ఉత్తుత్తివి చాలానే ఉంటాయి, లక్షణాలతో కలిస్తేనే వాటికి విలువ. గట్టిగా పాజిటివ్ వస్తే మాత్రం తర్వాత ఏం వెతకాలో అదే చెబుతుంది. జేఓ-1 అయితే ఊపిరితిత్తులు చూస్తారు, నాకు వెంటనే సీటీ తీయించారు. పెద్దవాళ్లలో టిఫ్-1 గామా అనే యాంటీబాడీ వస్తే క్యాన్సర్ ఏమైనా దాగి ఉందేమో వెతుకుతారు. ఎండీఏ-5 యాంటీబాడీ ఉన్నవాళ్లకు సీపీకే నార్మల్‌గా ఉండి కూడా ఊపిరితిత్తులు త్వరగా దెబ్బతినొచ్చు, దాన్ని అస్సలు తేలిగ్గా తీసుకోకూడదు. అమ్మగారు కొలెస్ట్రాల్‌కు స్టాటిన్ వాడుతున్నారా? అయితే స్టాటిన్ వాడేవాళ్లలో అరుదుగా కనిపించే హెచ్‌ఎంజీసీఆర్ యాంటీబాడీ ప్యానెల్‌లో ఉందో లేదో అడగండి, కొన్నిచోట్ల అది విడిగా రాయించుకోవాలి.

అన్నీ నెగెటివ్ వచ్చినా మయోసైటిస్ లేదని తేల్చలేరు. యాంటీబాడీ ఏదీ దొరకని పేషెంట్లు కూడా చాలామందే ఉన్నారు. అప్పుడు ఎంఆర్‌ఐ, ఈఎంజీ, అవసరమైతే కండరం బయాప్సీ ఉంటాయి.

మందులు మొదలయ్యాక కూడా సీపీకే ఒక్కటే చూసి అంచనా వేయకండి. నాకు ఆ అంకె చకచకా దిగింది గానీ, తల దువ్వుకోవడానికి చెయ్యి పైకి లేవడానికి ఇంకా చాలాకాలం పట్టింది. మా రుమటాలజిస్ట్ ఇప్పటికీ రిపోర్ట్ చూసే ముందు చేతులు కట్టుకుని కుర్చీలోంచి లేవమంటారు.

ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. ప్రొఫైల్ రిపోర్టుకు కొన్ని రోజులు పట్టొచ్చు. ఈలోపు మింగడం కష్టమైనా, ఆయాసం వచ్చినా, మూత్రం ముదురు గోధుమ రంగులో వచ్చినా దానికోసం ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.