‘లేని రోగం అంటగడతారు’ అనే మా అమ్మ ఎలా ఒప్పుకుందంటే

మీ అత్తయ్య ఇళ్లల్లో పనిచేస్తారని, చెన్నై పెరంబూరులో ఇంటి పక్కనే ఉచితంగా బీపీ, షుగర్, క్యాన్సర్ పరీక్షలు చేస్తున్నా “లేని రోగం అంటగడతారు” అంటూ కదలట్లేదని రాశారు. మా అమ్మదీ అచ్చం ఇదే మాట. మేముండేది వ్యాసర్‌పాడి. నెల్లూరు వైపు నుంచి పెళ్లయి వచ్చిన మనిషి, నాలుగిళ్లల్లో పాచిపని.

షుగర్ ముదిరితే కాలు తీసేస్తారని బెదిరించి చూశాను. ఇంకా బిగుసుకుంది. అసలు సంగతి ఒకరోజు గిన్నెలు తోముతూ తనే బయటపెట్టింది. ఎప్పుడో ఒక ప్రైవేటు క్లినిక్‌లో డాక్టరు తలెత్తి చూడకుండానే టెస్టులు రాశాడట. సగం నెల జీతం అక్కడే పోయింది. రిపోర్టులో ఏముందో చెప్పిన దిక్కు లేదు. అర్థం కాక “సరీంగ, సరీంగ” అని తలూపి వచ్చేసిందట. కూరగాయల బండి దగ్గర గడగడా వచ్చే తమిళం తెల్లకోటు ముందు పెగలదు మరి.

2021 ఆగస్టులో తమిళనాడు ప్రభుత్వం ‘మక్కళై తేడి మరుత్తువం’ మొదలుపెట్టింది కదా, ఇంటికే వచ్చి బీపీ, షుగర్ చూసే పథకం. అలా మా వీధికొచ్చిన ఆరోగ్య కార్యకర్త అక్క అరుగు మీద కూర్చుని, ముందు తన బీపీ తను చూసుకుని చూపించింది. అమ్మకి 150/96. “ఒక్కసారికే బీపీ అని తేల్చం, మళ్లీ వస్తా” అంది. నిజంగానే వచ్చింది! అమ్మకి గురి కుదిరింది ఆ రెండో రాకతోనే.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్షకి కూడా ఆ అక్క చేతే ముందుగా చెప్పించాను. పల్చటి ఎసిటిక్ యాసిడ్, అంటే వెనిగర్‌లో ఉండేదే, దూదితో అద్ది ఒక నిమిషం ఆగి తెల్లమచ్చ కనబడుతుందేమో చూస్తారు. ఫలితం అప్పటికప్పుడే. 30 దాటాక 65 లోపు 5 ఏళ్లకోసారి చాలు. మచ్చ కనబడినంత మాత్రాన క్యాన్సర్ కాదు, ఇంకో పరీక్ష చేసి తేలుస్తారు. ఈ ముక్క ముందే చెవిన వెయ్యండి. అమ్మ అడిగింది ఒకటే, “చూసేది ఆడమనిషేనా?”

మీ అత్తయ్యకి రోగాల గురించి చెప్పకండి. భయం దేనికో అడగండి: డబ్బా, నాగా పెడితే జీతం కోతా, సిగ్గా? బీపీ, షుగర్ మాత్రలు కార్పొరేషన్ ఆసుపత్రిలో ఊరికే ఇస్తారని చెప్పండి. మొదటిసారి మీరే పక్కన కూర్చుని డాక్టరు మాట తెలుగులో చెప్పండి.

మా అమ్మ ఇప్పటికీ డాక్టరంటే మొహం చిట్లిస్తుంది. ఆ అక్క ఒక వారం ఆలస్యమైతే మాత్రం ఫోన్ చెయ్యమని నా ప్రాణం తీస్తుంది.