సమాచార వ్యవస్థల చదువు, పరిశ్రమ చేయూత: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

ప్రశ్న: మాది గుంటూరులోని ఒక అనుబంధ డిగ్రీ కళాశాల. కంప్యూటర్ అప్లికేషన్స్ విద్యార్థులకు సమాచార వ్యవస్థల పేపరు బోధిస్తున్నాను. రెండేళ్ల క్రితం ఒక సాఫ్ట్‌వేర్ సంస్థతో ఎంఓయూ (అవగాహన ఒప్పందం) కుదిరింది. సంతకాలయ్యాక ఒక్క అతిథి ఉపన్యాసం తప్ప మరేమీ జరగలేదు. సిలబస్ మార్చే అధికారం మాకు లేదు. ఈ పరిస్థితిలో పరిశ్రమతో కలిసి ఏం చేయగలం?
– ఒక అధ్యాపకురాలు

జవాబు: ముందు ఆ ఎంఓయూ ప్రతిని తీసి చదవండి. ఏ సెమిస్టర్‌లో, ఎవరు, ఎన్ని గంటలు, ఏ పని చేస్తారో అందులో రాసి లేకపోతే అది ఉపన్యాసంతో ఆగిపోవడంలో ఆశ్చర్యం లేదు. పిలానీలోని బిట్స్ విద్యాసంస్థ 1973లో మొదలుపెట్టిన ప్రాక్టీస్ స్కూల్ ఇన్నేళ్లుగా సాగుతోందంటే, విద్యార్థి సంస్థలో గడిపే నెలలను డిగ్రీలో భాగం చేసి, వాటికి క్రెడిట్లు ఇచ్చి, అధ్యాపకులకు కూడా ఆ పనిలో బాధ్యత అప్పగించడమే అందుకు ముఖ్య కారణమని నా అభిప్రాయం.

సిలబస్ మీ చేతిలో లేకపోయినా ప్రాజెక్టు, ఇంటర్న్‌షిప్ ఎలా జరగాలన్నది చాలావరకు మీ చేతిలోనే ఉంది. మన రాష్ట్రంలో డిగ్రీ చదువులో ఇంటర్న్‌షిప్ ఇప్పటికే భాగమైంది కనుక, కొత్తగా ఎవరి అనుమతీ అడగనక్కర లేకుండా అక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు.

పరిశ్రమ అనగానే మనకు హైటెక్ సిటీ గుర్తుకు రావడం ఈ సబ్జెక్టుకు చాలా నష్టం చేసిందని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఒక సంస్థలో సమాచారం ఎక్కడ పుడుతుంది, ఎన్ని చేతులు మారుతుంది, చివరికి ఏ నిర్ణయానికి ఉపయోగపడుతుంది అన్నదే సమాచార వ్యవస్థల అసలు పాఠం. అందుకు మీ ఊరి మిర్చి యార్డును మించిన ప్రయోగశాల ఏముంటుంది? రైతు తెచ్చిన టిక్కీలు (మిర్చి బస్తాలు) యార్డులోకి వచ్చినప్పటి నుంచి కమిషన్ ఏజెంటు, ధర, తూకం, సొమ్ము చెల్లింపు వరకు సాగే క్రమాన్ని నలుగురు విద్యార్థులు వారం రోజులు గమనించి, దానికి ఈఆర్ డయాగ్రం (ఏ సమాచారం దేనితో ముడిపడి ఉందో చూపే పటం) గీయాలి. ఒకే రైతు పేరు మూడు చోట్ల మూడు రకాలుగా నమోదైతే లెక్క ఎక్కడ తప్పుతుందో కళ్లారా చూసిన విద్యార్థికి నార్మలైజేషన్ (ఒకే సమాచారం పలుచోట్ల నమోదు కాకుండా పట్టికలను విడదీసి అమర్చడం) ఎందుకో మళ్లీ చెప్పనక్కర లేదు. కోల్డ్ స్టోరేజీ, పాల సహకార సంఘం, ఆసుపత్రి కూడా ఇలాంటివే. అయితే 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టాన్ని దృష్టిలో ఉంచుకుని, పేర్లు, ఫోన్ నంబర్లు తీసేసిన తర్వాతే రికార్డులు విద్యార్థుల చేతికి ఇవ్వాలి.

ఇక సాఫ్ట్‌వేర్ సంస్థను రెండే అడగండి. ఒక ఇంజినీరు పదిహేను రోజులకొకసారి ఆన్‌లైన్‌లో గంటసేపు కూర్చుని మీ విద్యార్థుల డిజైన్లను చూసి, ప్రశ్నలు వేసి, మార్కులలో పాలు పంచుకోవాలి. వేసవిలో మీకే రెండు మూడు వారాలు తమ బృందంతో కూర్చుని పని చూసే అవకాశం ఇవ్వాలి. ఈ రెండోదాన్ని ఎవరూ అడగరు. కానీ విద్యార్థి ఒక బ్యాచ్‌తో వెళ్లిపోతాడు, అధ్యాపకురాలు నేర్చుకున్నది ఇరవై బ్యాచ్‌లకు అందుతుంది.

ఏడాది చివర ఆ ప్రాజెక్టు నివేదికలను జతచేసి, సిలబస్ రూపొందించే విశ్వవిద్యాలయ బోర్డ్ ఆఫ్ స్టడీస్‌కు మీ ప్రతిపాదన పంపండి. పేపరులో ఏ యూనిట్ పాతబడిందో చెప్పడానికి వాటికంటే బలమైన ఆధారం ఉండదు.

ప్రశ్న: మా స్వయంప్రతిపత్తి కళాశాలకు సాయం చేస్తామన్న సంస్థ, తమ సాఫ్ట్‌వేర్‌నే ఒక పూర్తి పేపరుగా పెట్టమంటోంది. ఒప్పుకోవచ్చా?
– ఒక విభాగాధిపతి

జవాబు: ల్యాబ్‌లో పెట్టండి, పేపరుగా వద్దు. ఎస్ఏపీ సంస్థ తయారుచేసిన ఈసీసీ అనే వ్యాపార నిర్వహణ సాఫ్ట్‌వేర్ ఎంతో కాలం పెద్ద పరిశ్రమలను నడిపింది. దానికి ప్రధాన నిర్వహణ మద్దతును 2027 చివరికి ముగిస్తామని ఆ సంస్థే ప్రకటించింది. ఆ తెరలు మాత్రమే నేర్చుకున్నవారు మళ్లీ మొదటికి రావలసిందే. కొనుగోలు ఆర్డరు నుంచి చెల్లింపు వరకు జరిగే ప్రక్రియ తెలిసినవారు మాత్రం ఏ సాఫ్ట్‌వేర్‌కైనా కొద్ది వారాల్లో అలవాటు పడతారు. మీ బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో పరిశ్రమ ప్రతినిధికి స్థానం ఉంటుంది కదా, ఆ స్థానంలో సాఫ్ట్‌వేర్ అమ్మే సంస్థ వారికి బదులు దాన్ని రోజూ వాడే సంస్థ వారిని కూర్చోబెట్టండి.