పికప్‌కి వేరే సైజు టైర్లు వేస్తే ఎఫ్‌సీ ఆపుతారా?

ప్రశ్న: మాది పలాస దగ్గర పల్లెటూరు. సొంత పికప్ మీద జీడిపప్పు బస్తాలు, కవిటి కొబ్బరికాయలు విజయనగరం, విశాఖ తోలుకుంటూ బతుకుతున్నాను. డ్రైవర్ని కూడా నేనే. వెనక టైర్లు రెండూ నున్నగా అరిగిపోతే, షాపాయన "లోడు బాగా ఆపుతాయి, ఇవి వేసుకో" అని 215/75 ఆర్ 15 బదులు 235/75 ఆర్ 15 వేశాడు. ఎఫ్‌సీకి (ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కి) వెళ్తే బ్రేకినస్పెక్టర్ గారు సీ బుక్కులో (బండి రిజిస్ట్రేషన్ కాగితంలో) సైజు చూసి వెనక్కి పంపేశారు. టైరు మార్చడం కూడా నేరమేనా సార్? ఈలోగా ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ వస్తుందా?

జవాబు: టైరు మార్చడం నేరం కాదండీ. మీ బండికి గాడి లోతు 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గితే ఆ టైరు రోడ్డు మీదికి పనికిరాదని నిబంధనలే చెబుతున్నాయి. మార్చి మంచి పనే చేశారు. చిక్కంతా సైజు దగ్గర వచ్చింది.

సరుకు మోసే బండిని రిజిస్టర్ చేసేటప్పుడు ప్రతి చక్రానికీ ఉన్న టైరు ఏ రకం, ఏ సైజు అన్నది సీ బుక్కులో రాయాలని 1988 మోటారు వాహనాల చట్టం 58వ సెక్షన్ చెబుతోంది. ఖాళీ బరువు, మొత్తం బరువు, ఒక్కో యాక్సిల్‌ (ఇరుసు) బరువు రాసే చోటే టైరు సైజు కూడా రాస్తారు. బండి ఎంత మోయొచ్చన్న లెక్కలో టైరూ భాగమే కదా. టైర్ల సంఖ్య, రకం, సైజు మారి ఆ బరువుల లెక్క తప్పితే 52వ సెక్షన్ కిందికి వస్తుందని అందులోనే ఉంది. తయారీదారు చెప్పిన వివరాలకు పొంతన లేకుండా బండిని మార్చకూడదన్నదే 52వ సెక్షన్. కేరళ నుంచి వెళ్లిన ఒక కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్నే గట్టిగా చెప్పింది. అనుమతి లేని మార్పుకు అదే చట్టం 182ఏ(4) సెక్షన్ కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. టైరుకు ఇంత శిక్ష దాకా వెళ్లడం అరుదే కానీ, ఎఫ్‌సీ ఆపడం మాత్రం ఇన్‌స్పెక్టర్ గారి తప్పు కాదు.

ఇది కాగితాల పట్టింపు అనుకోకండి. పాత టైరు ఎత్తు దాదాపు 703 మిల్లీమీటర్లు, కొత్తది 733. మీటరులో ముల్లు 80 మీద ఉన్నప్పుడు మీ బండి నిజానికి 83 దాటి పోతుంటుంది. 80 దగ్గర పట్టి ఆపాల్సిన స్పీడ్ గవర్నరూ అంతే మోసపోతుంది. చక్రం పెద్దదైన కొద్దీ అదే బ్రేకుకు బండిని ఆపే బలం తగ్గుతుంది. ఇక మీ స్టెప్నీ పాత సైజే అయి ఉంటుంది. రాత్రిపూట మడపాం టోల్‌ గేటు దాటాక వెనక చక్రం పంక్చరై అది వేశారనుకోండి, ఒకే యాక్సిల్ మీద ఒక పక్క పెద్దది, ఒక పక్క చిన్నది. నిండు లోడుతో ఆ బండి నడుపుతున్నది మీరే, అది గుర్తుంచుకోండి.

"లోడు బాగా ఆపుతాయి" అన్న మాట మాత్రం అసలు నమ్మకండి. టైరు పెద్దదైనంత మాత్రాన సీ బుక్కులో బరువు పెరగదు. ఓవర్‌లోడుకు చట్టంలో జరిమానా 20,000, ఆపైన ప్రతి అదనపు టన్నుకూ 2,000.

ఇన్సూరెన్స్ సంగతి రెండు రకాలు. మీ బండి వల్ల దెబ్బతిన్న వాళ్లకు పరిహారం ఎగ్గొట్టడానికి టైరు సైజు కంపెనీకి సాకుగా పనికిరాదు. ఆ సాకుల జాబితా మోటారు వాహనాల చట్టం 150వ సెక్షన్‌లో ఉంది, టైరు అందులో లేదు. మీ సొంత బండి నష్టం దగ్గర మాత్రం పేచీ పెడతారు. గూడ్సు బండిలో మనుషులు ఎక్కువ ఎక్కినంత మాత్రాన క్లెయిమ్ మొత్తం కొట్టేయకూడదని, ప్రమాదానికి అదే కారణమా అన్నది చూడాలని బి.వి.నాగరాజు కేసులో 1996లో సుప్రీంకోర్టు అంది. మీకు ఆ తీర్పు సగమే ఆదుకుంటుంది. టైరు పేలో, బ్రేకు అందకో బోల్తా పడితే, కారణం టైరే అని వాళ్లు వాదిస్తారు. పైగా ఎఫ్‌సీ లేని సరుకు బండికి రిజిస్ట్రేషన్ ఉన్నట్టే కాదని 56వ సెక్షన్. దయచేసి ఎఫ్‌సీ అయ్యేదాకా ఒక్క ట్రిప్పు కూడా వేయకండి.

సీ బుక్కు సైజు టైర్లు వేయించి మళ్లీ చూపించడమే దగ్గర దారి. మీ మోడల్‌కే కంపెనీ రెండో సైజు కూడా ఒప్పుకుందేమో ఓనర్ మాన్యువల్‌లో చూడండి. ఉంటే డీలర్ దగ్గర రాతపూర్వకంగా తీసుకుని ఆర్టీఏ ఆఫీసులో అర్జీ పెట్టి, సీ బుక్కులో ఎక్కించుకున్నాకే తిరగండి.

షాపాయన్ని ముందు మర్యాదగానే అడగండి, టైర్లు మార్చి ఇమ్మని. ఒప్పుకోకపోతే శ్రీకాకుళం జిల్లా వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్లలోపు వెళ్లొచ్చు. మీ కేసుకు ఫీజు ఉండదు, 5 లక్షల లోపు కొనుగోలు కాబట్టి. "వ్యాపారానికి కొన్నాడు, వినియోగదారుడు కాదు" అంటారు. బతుకుతెరువు కోసం సొంతంగా నడుపుకునే వాళ్లను చట్టం వినియోగదారులుగానే చూస్తుంది, ఆ మాట అర్జీ మొదట్లోనే రాయండి. బిల్లు మీద సైజు రాసి ఉందో లేదో ఈ రోజే చూడండి. లేకపోతే టైరు గోడ మీద అంకెలు, బండి నంబరు కలిసి కనబడేలా ఫోటో తీసి పెట్టుకుని, ఆ తర్వాతే టైర్లు విప్పించండి.