మాడ్రిడ్‌లో మొదటి నెల: అమ్మాయిని వెనక్కి పిలిపించాలా?

ప్రశ్న: మాది ఖమ్మం. బీటెక్ అయ్యాక మా అమ్మాయి డేటా సైన్స్‌లో మాస్టర్స్ చేయడానికి సెప్టెంబరు మొదట్లో మాడ్రిడ్ వెళ్లింది. కోర్సు ఇంగ్లిష్‌లోనే. కానీ క్లాసు బయట అంతా స్పానిషే. పోలీసు ఆఫీసులో కార్డుకు అపాయింట్‌మెంట్ దొరకడం లేదు. రోజూ రాత్రి పదింటికి ఫోన్ చేస్తే ఏడుస్తోంది. వెనక్కి పిలిపించి వచ్చే ఏడాది ఐర్లాండ్ పంపిద్దామా అని ఆలోచిస్తున్నాం. మీరేమంటారు సార్?

జవాబు: జనవరి పరీక్షలు అయ్యేదాకా వెనక్కి వచ్చే మాట మీ నోట రానివ్వకండి. చదువు అర్థం కావడం లేదని మీరు ఎక్కడా రాయలేదు. ఆమెను ఏడిపిస్తున్నవి కాగితాల పని, స్పానిష్ రాకపోవడం. కాగితాల గొడవ కొద్ది వారాల్లో తీరిపోయేదే. భాషకు టైమ్ పడుతుంది, అసలు కష్టపడాల్సింది కూడా అక్కడే.

ముందు కార్డు సంగతి. ఆరు నెలలకు మించి చదివే విదేశీ విద్యార్థులు స్పెయిన్‌లో దిగిన నెలలోపు టీఐఈ అనే గుర్తింపు కార్డుకు అప్లై చేయాలి. దానికంటే ముందు, ఉంటున్న ఇంటి అడ్రస్‌ను మున్సిపాలిటీలో నమోదు చేయించుకోవాలి. మనవాళ్లు దీన్ని 'పాద్రోన్' అంటుంటారు. అది అయిందో లేదో ముందు కనుక్కోండి. రూమ్ అగ్రిమెంట్‌లో తన పేరు లేక, ఓనర్ సంతకం పెట్టక చాలామంది ఇక్కడే ఆగిపోతారు.

ఇక అపాయింట్‌మెంట్. ఆన్‌లైన్‌లో కొన్నికొన్నిగా వదులుతారు, చూస్తుండగానే అయిపోతాయి. ఒక్క ఆఫీసునే పట్టుకుని కూర్చోకుండా, మాడ్రిడ్ ప్రావిన్స్‌లో ఉన్న ఇతర ఆఫీసులకు కూడా ప్రయత్నించమనండి. ఖాళీలు లేవని చూపించే పేజీని తేదీతో సహా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోవాలి. ఆలస్యం ఎందుకైందని అడిగితే చూపించడానికి అది పనికొస్తుంది. డబ్బు తీసుకుని అపాయింట్‌మెంట్ ఇప్పిస్తామనేవాళ్లు తగులుతారు, పైసా కూడా ఇవ్వొద్దు. అపాయింట్‌మెంట్ ఉచితం. కట్టాల్సింది కార్డు ఫీజు ఒక్కటే, అది 790-012 ఫారంతో బ్యాంకులో కడతారు. ఎక్కడ ఆగిపోయినా యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసుకు వెళ్లమనండి. ఏటా ఇదే తంతు చూసేవాళ్లు కాబట్టి దారి చెబుతారు.

ఫారం నింపేటప్పుడు ఇంకో చిక్కు ఉంది. స్పెయిన్‌వాళ్లకు రెండు ఇంటిపేర్లు, ఒకటి తండ్రి వైపుది, ఇంకొకటి తల్లి వైపుది. అందుకే ఏ ఫారంలోనైనా ఇంటిపేరుకు రెండు గళ్లు ఉంటాయి. మన పిల్లలు రెండో గడి ఖాళీగా కనిపించేసరికి నాన్న పేరో, సొంత పేరులో సగమో అక్కడ రాసేస్తారు. పాస్‌పోర్టులో ఉన్న ఇంటిపేరు మొదటి గడిలో రాసి రెండోది వదిలేయాలి. ఒక కాగితంలో ఒకలా, మరో కాగితంలో ఇంకోలా పేరుంటే బ్యాంకు ఖాతా దగ్గర్నుంచి ప్రతిచోటా తలనొప్పే.

ఇప్పుడు భాష. ఇంగ్లిష్ కోర్సు కదా అని స్పానిష్‌ను పక్కన పెట్టి వెళ్లడం కన్సల్టెన్సీలు అలవాటు చేసిన పని, నాకు నచ్చదు. డిగ్రీ, మాస్టర్స్ చదివేవాళ్లు వారానికి 30 గంటల వరకు ఉద్యోగం చేసుకోవచ్చని అక్కడి చట్టం చెబుతుంది. కానీ స్పానిష్ రాని మనిషిని కౌంటర్‌లో నిలబెట్టేదెవరు? ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూల్లో కూడా స్పానిష్‌లో బీ1, బీ2 స్థాయి, అంటే ధారాళంగా మాట్లాడగలిగే మధ్యస్థాయి, అడిగేవే ఎక్కువ. తక్కువ ఫీజుతో నేర్పే ప్రభుత్వ భాషా పాఠశాలలు ఉన్నాయి. చాంబెరి ప్రాంతంలోని హెసూస్ మయెస్త్రో వాటిలో ఒకటి. సెపీ అనే ప్రాంతీయ ప్రభుత్వ కేంద్రాలు విదేశీయులకు ఉచితంగా నేర్పుతాయి. తెలుగు పిల్లలకు ఒక సౌకర్యం కూడా ఉంది. స్పానిష్‌ను దాదాపు రాసినట్టే చదువుతారు, అచ్చులు మన అ, ఎ, ఇ, ఒ, ఉ లాగే పలుకుతాయి. ఇంగ్లిష్ స్పెల్లింగులతో పడిన బాధ ఇక్కడుండదు.

పుస్తకంతో వచ్చే భాష కొంతే, మిగతాది మనుషుల మధ్య తిరిగితేనే వస్తుంది. ఇక్కడ మీతో ఒక మాట చెప్పాలి. మీకు రాత్రి పది అంటే అక్టోబరు చివరిదాకా ఆమెకు సాయంత్రం ఆరున్నర, ఆ తర్వాత చలికాలానికి అక్కడ గడియారాన్ని గంట వెనక్కి తిప్పుతారు కాబట్టి ఐదున్నర. క్లాసులు అయిపోయి తోటివాళ్లు కాఫీకో, ఇంగ్లిష్–స్పానిష్ మార్చుకుని మాట్లాడుకునే సమావేశాలకో బయల్దేరే వేళ అది. మీ అమ్మాయి మాత్రం రూమ్ తలుపేసుకుని మీతో మాట్లాడుతూ ఏడుస్తోంది. ఫోన్‌ను మీ పగటి పదకొండు, పన్నెండు గంటలకు మార్చండి. ఆమె అప్పుడే నిద్ర లేచి ఉంటుంది. పది నిమిషాలు మాట్లాడి పెట్టేయండి. "ఏం తిన్నావమ్మా" అని అడిగే బదులు "నిన్న ఎవరితో మాట్లాడావు" అని అడిగి చూడండి.

తిండి విషయంలో కూడా వేళలే ఇబ్బంది. అక్కడ మధ్యాహ్న భోజనం రెండింటికి, రాత్రి భోజనం తొమ్మిది దాటాకే. పన్నెండున్నరకే ఒంటరిగా బాక్స్ ఖాళీ చేస్తే క్లాస్‌మేట్స్‌తో కలిసి కూర్చునే గంట పోతుంది. శాకాహారి అయితే 'వెహెతాల్' అని రాసిన శాండ్‌విచ్‌ను నమ్మొద్దు, అందులో ట్యూనా చేప, గుడ్డు ఉంటాయి. పప్పులు, పచ్చిమిర్చి కావాలంటే లావాపియెస్‌లో బంగ్లాదేశీ దుకాణాలున్నాయి.

ఒక్క విషయంలో మాత్రం ఆగొద్దు. క్లాసులకు వెళ్లడం మానేసినా, నిద్ర, తిండి పూర్తిగా తగ్గినా వెంటనే యూనివర్సిటీలోని కౌన్సెలింగ్ విభాగానికి వెళ్లమనండి. అవసరమైతే మీలో ఒకరు వెళ్లి రండి.

ఐర్లాండ్ ఆలోచన చెడ్డదేం కాదు. భాష బెడద లేదు, మాస్టర్స్ తర్వాత ఉద్యోగం వెతుక్కోవడానికి రెండేళ్ల దాకా ఉండనిస్తారు. కానీ ఇప్పుడు వచ్చేస్తే స్పెయిన్‌లో కట్టిన ఫీజు పోతుంది, మధ్యలో ఎందుకు మానేశావని తర్వాతి వీసా దగ్గర అడుగుతారు. వచ్చే సెప్టెంబరు అడ్మిషన్లకు ఫిబ్రవరిలో అప్లై చేసినా చాలా కోర్సుల్లో అవకాశం ఉంటుంది కాబట్టి ఆగడం వల్ల మీకు నష్టం లేదు. స్పెయిన్‌లో మార్కులు పదికి, ఐదు వస్తే పాస్. జనవరి ఫలితాలు రాగానే ఆ మార్కులు, అప్పటికి స్పానిష్‌లో ఏ స్థాయికి వచ్చిందో రాసి పంపండి. రావాలా వద్దా అన్నది అప్పుడు ఆమెనే అడుగుదాం.