రెండు జిన్ సీసాలు, మూడు గ్లాసులు

నల్లగొండ

తమ్ముడూ,

తక్కువ ధర జిన్నునూ ఖరీదైన జిన్నునూ ఇంట్లోనే పోల్చి చూస్తానన్నావు కదా, ముందు ముక్కును సిద్ధం చేసుకో. నాలుగు ధనియాలు వేళ్ల మధ్య నలిపి వాసన పట్టు. నిమ్మతొక్క గిల్లి చూడు. జిన్నుకు ప్రాణం జునిపర్ కాయ, మన వైద్యంలో హపుష అనేది అదే. దాని తర్వాత ఎక్కువ జిన్నుల్లో పడేది ధనియాలే. ఈ వాసనలు తెలియకుండా కూర్చుంటే రెండు సీసాలూ ఉత్త స్పిరిట్ లెక్కనే అనిపిస్తాయి.

మన బోరు నీళ్లు మాత్రం కలపొద్దు. ఆ ఉప్పదనం రుచి మీద కూర్చుంటుంది. క్యాన్ నీళ్లు తెచ్చుకో. స్టీలు, ప్లాస్టిక్ వద్దు, ఒకే తీరున్న మూడు గాజు గ్లాసులు చాలు. సబ్బు వాసన పోయేదాక కడుగు. గంట ముందు నుంచి చాయ్, పాన్, సిగరెట్ బంద్. గదిలో అగరుబత్తి కూడా వెలిగించొద్దు. గ్లాసుకూ గ్లాసుకూ మధ్య ఇంత తెల్లన్నం నమిలి నీళ్లు పుక్కిలించు. కారం తగిలితే ఆ పూటకు పరీక్ష ఆపేయ్.

ఇప్పుడు అసలు పని. రెండు గ్లాసుల్లో ఒకే జిన్ను, మూడోదాంట్లో రెండోది. ఏది ఎందులో పోసిందీ నీకు తెలియకూడదు. వేరేవాళ్లు వేరే గదిలో పోసి, గ్లాసు అడుగున గుర్తు పెట్టాలె. 15 మి.లీ. జిన్నుకు 15 మి.లీ. నీళ్లు, ఐసు లేకుండా. చల్లబడితే వాసన లేవదు. రెండు సీసాల మీదా ఆల్కహాల్ 42.8 శాతం అని ఉంటే ఈ లెక్క సరిపోతుంది. ఒకటి 47 అయితే దానికి 18 మి.లీ. నీళ్లు కలిపి, అందులోంచి 30 మాత్రమే గ్లాసులో పోయమను. లేకపోతే మట్టం చూసే కనిపెట్టేస్తావు. నీళ్లు పడంగనే కొంచెం మసకబారితే కల్తీ అనుకోవద్దు, కాయల నూనె ఎక్కువున్న జిన్ను అట్లనే మసకేస్తది.

వేరుగా ఉన్న గ్లాసు ఏదో చెప్పు. గుడ్డిగా చెప్పినా మూడింట ఒకసారి తగులుతుంది, కాబట్టి ఒక్కసారికే నిర్ణయానికి రావద్దు. మూడు సాయంత్రాలు చెయ్యి, రోజుకొక్కసారే. ఏ జిన్ను రెండు గ్లాసుల్లో పోయాలో రోజూ బొమ్మా బొరుసూ వేసి తేల్చమను. మూడుసార్లూ ఊహతోనే కుదిరే అవకాశం 27లో ఒకటి. రోజుకు జిన్ను 45 మి.లీ. దాటదు, అయినా ఆ రాత్రి బండి తీయొద్దు.

తేడా దొరికాక, చెరి రెండు చుక్కలు రెండు అరచేతుల్లో వేసుకొని వేర్వేరుగా రుద్ది, నిమిషం ఆగి వాసన చూడు. స్పిరిట్ ఎగిరిపోయి మిగిలేది చూడాలె. మంచి జిన్నులో పచ్చి కాయ, తొక్క, ధనియం విడివిడిగా తెలుస్తాయి. ఎసెన్సు కలిపినదైతే చాక్లెట్ కాగితం లాంటి ఒకే తీపి వాసన వస్తుంది, తొందరగా ఆరిపోతుంది.

చివరగా నువ్వు రోజూ తాగే తీరులో చూడు. 30 మి.లీ. జిన్నుకు 90 మి.లీ. టానిక్ వాటర్ (చేదూ తీపీ కలిసిన సోడా) పోస్తే, ఆ చేదూ తీపీ చాలా తేడాను మింగేస్తాయి. అక్కడ కూడా గుర్తుపడితేనే ఎక్కువ పైసలు పెట్టు. ఉత్త సోడాతో తాగేటట్టయితే మాత్రం ఖరీదైనదానికి పెట్టిన పైసలు నోటికి తెలుస్తాయి.

ఇట్లు,
మీ అన్న