బీరువాలో అరవై పెట్టెలు: ఆస్తి కింద రాయొచ్చా?

ప్రశ్న: నా వయసు 54. పద్దెనిమిదేళ్లుగా స్మారక నాణేలు సేకరిస్తున్నాను. అన్నీ మింట్ (నాణేలు ముద్రించే టంకశాల) నుంచి వచ్చిన పెట్టెల్లోనే, సర్టిఫికెట్లతో సహా ఉన్నాయి. అరవై దాకా అయ్యాయి. వీటి మీద ఇప్పటిదాకా పెట్టింది లెక్కేస్తే నా ఏడు నెలల జీతం. రిటైర్మెంట్ ప్లాన్‌లో వీటిని కొన్న ధరకే ఆస్తి కింద రాసుకున్నాను. మా అబ్బాయేమో "చోటు తినేస్తున్నాయి, పెట్టెలు పారేసి నాణేలు ఒక ఆల్బమ్‌లో పెట్టుకో నాన్నా" అంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు పెట్టెల సంగతి తేల్చేద్దాం. మీ అబ్బాయి ఊపు చూస్తుంటే ఈ ఆదివారమే అవి చెత్తబుట్టలో పడేలా ఉన్నాయి. పారేయకండి. ప్రూఫ్ నాణెం (సేకరించేవాళ్ల కోసం అద్దంలా మెరిసేలా ప్రత్యేకంగా ముద్రించేది) కొనడానికి వచ్చిన డీలర్ నాణెం కన్నా ముందు పెట్టె చూస్తాడు. పై అట్ట తొడుగు ఉందా, లోపల నాణేన్ని మూసి ఉంచే ప్లాస్టిక్ క్యాప్సూల్ పగిలిందా, సర్టిఫికెట్ ఈ నాణేనిదేనా అని. ఒక్కటి లేకపోయినా బేరం అక్కణ్నుంచే మొదలుపెడతాడు. పైగా చవక ఆల్బమ్‌లలో వాడే పీవీసీ ప్లాస్టిక్ కొన్నేళ్లకు మెత్తబడి, నాణెం మీద ఆకుపచ్చటి జిగురు వదులుతుంది. అది లోహాన్ని తినేస్తుంది కూడా.

అలాగని పెట్టెను గుడ్డిగా నమ్మొద్దు. మింట్‌లు పెట్టెను అందం కోసం చేయిస్తాయి, ముప్పై ఏళ్లు దాచడానికి కాదు. చెక్క, జిగురు, మఖమల్ కింద వేసే ఫోమ్... వీటిలో కొన్నింటి నుంచి వచ్చే ఆవిర్లకు వెండి నల్లబడుతుంది. పొడిగా ఉండే బీరువాలో పెట్టి, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు వేసి, వాటిని అప్పుడప్పుడూ మార్చండి. నాణేన్ని మాత్రం తుడవకండి. ఒకసారి నా వెండి ప్రూఫ్ నాణెం మీద వేలిముద్ర కనిపిస్తే మెత్తటి గుడ్డతో తుడిచాను. ముద్ర పోయింది. అద్దంలాంటి ఆ నునుపు మీద సన్నటి గీతలు మిగిలాయి. దీపం కింద కాస్త వంచితే చాలు, ఇప్పటికీ కనిపిస్తాయి.

ఇక అసలు విషయం. కొన్న ధరకే ఆస్తి అని రాసుకున్నారు చూడండి, పొరపాటు అక్కడుంది. ఇవాళ అమ్మితే చేతికి ఎంత వస్తుందో అదే మీ ఆస్తి. వెండి, బంగారు నాణేలకైతే లెక్క తేలికే: బరువు, స్వచ్ఛత, ఆనాటి లోహం ధర. మొదటి రెండూ సాధారణంగా సర్టిఫికెట్ మీదే ఉంటాయి. పెద్ద వెండి నాణేల్లో కొన్ని 28.28 గ్రాముల బరువు, 925 స్వచ్ఛతతో (వెయ్యి పాళ్లలో 925 పాళ్లు వెండి) వస్తాయి. అంటే అందులో అసలు వెండి 26.16 గ్రాములు. దానికి ఇవాళ్టి ధర కట్టి, డీలర్ లాభం కొంత తీసేయండి. రాగి, నికెల్ నాణేలకు కరిగింపు విలువ లేనట్టే. అవి నచ్చి కొనేవాడు దొరికితేనే డబ్బు.

ఇప్పుడు ఇంకో లెక్క వేద్దాం. లోహం విలువకు మూడింతలు పెట్టి ఒక నాణెం కొన్నారనుకోండి. లోహం ధర ఏటా 8 శాతం పెరిగినా, మీ అసలు మీ చేతికి రావడానికి 14 ఏళ్లు దాటుతుంది. లాభం సంగతి ఆ తర్వాత. మీ పాత వెండి నాణేలు కొన్ని ఇప్పటికే లాభంలో ఉండొచ్చు, కాదనను. కానీ ఆ లాభం వెండిది. అదే డబ్బుతో ఉత్త వెండి కొనుంటే ఇంకా ఎక్కువ బరువు మీ దగ్గర ఉండేది.

"పరిమిత సంఖ్యలో" అన్న మాటకు పడిపోతాం మనమంతా. ఎన్ని చేశారన్నది సగం కథే, ఎంతమందికి కావాలన్నది మిగతా సగం. అమెరికా తొలి స్మారక నాణెం కథ చూడండి. షికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శన కోసం 1892, 93లలో కొలంబస్ బొమ్మతో అర డాలర్ నాణేలు దాదాపు 50 లక్షలు ముద్రించి, ఒక్కోటి డాలర్‌కు అమ్మారు. అమ్ముడుపోనివి లక్షల్లో మిగిలి, చివరికి చాలావాటిని కరిగించారు, మిగతావి మామూలు అర డాలర్‌లుగా చలామణిలోకి వెళ్లాయి. బ్రిటన్‌లో 1965లో మాజీ ప్రధాని చర్చిల్ బొమ్మతో వచ్చిన క్రౌన్ (ఐదు షిల్లింగుల) నాణేలు కోటీ తొంభై లక్షలు పైచిలుకు. ఆయన మీద గౌరవంతో ఇంటింటా దాచారు. అందరూ దాచిన వస్తువుకు గిరాకీ ఎక్కడినుంచి వస్తుంది? దీనికి పూర్తి భిన్నంగా, 2009లో అదే దేశంలో లండన్‌లోని క్యూ గార్డెన్స్ అనే వృక్షోద్యానం మీద వచ్చిన 50 పెన్స్ నాణెం చిల్లరలో తిరగడానికే చేశారు, కేవలం 2.10 లక్షలు. నాణేలు సేకరించేవాళ్లు ఇవాళ వెతుకుతున్నది దాన్ని.

కాబట్టి రిటైర్మెంట్ లెక్కలోంచి ఈ నాణేలు తీసేయండి. అమ్మితే వచ్చే మొత్తాన్ని విడిగా ఒక గడిలో రాసుకోండి, కానీ ఆ డబ్బు మీద ఏ నెల ఖర్చునూ ఆనించకండి. ధరలు చూసేటప్పుడు అమ్మేవాళ్లు అడిగేవి కాదు, వేలంలో నిజంగా అమ్ముడుపోయినవి చూడండి. ఆ తేడా చూస్తే ఒక్కోసారి నవ్వొస్తుంది, ఒక్కోసారి ఏడుపొస్తుంది. గ్రేడింగ్ సంస్థలకు (నాణెం స్థితికి గ్రేడు ఇచ్చి, దాన్ని గట్టి ప్లాస్టిక్ డబ్బాలో మూసేవాళ్లు) పంపి సీలు వేయించమని ఎవరైనా అంటే, ఆ ఫీజు నాణెం విలువలో ఎంతో లెక్క చూసుకున్నాకే సరే అనండి. సీలు వేశాక అది మీ పెట్టెలో పట్టదు.

సేకరణ మానమని నేను చెప్పను. నెలనెలా ఒకటి పంపే సిరీస్ చందాలు ఏవైనా ఉంటే మాత్రం ఆపేయండి. అక్కడ ఏది కొనాలో మీరు ఎంచుకోవడం లేదు, వాళ్లు ఎంచి పంపిస్తున్నారు. ఏడాదికి ఒకటో రెండో, చూడగానే మనసు లాగినవి కొనుక్కోండి. మిగిలే డబ్బు రిటైర్మెంట్ నిధిలో వేయండి, మీకు ఇంకా కొద్ది ఏళ్లే ఉన్నాయి. ఆరు నెలల ఖర్చులకు సరిపడా నగదు పక్కన లేకపోతే ముందు అది సమకూర్చుకోండి. అవసరం మీద పడి అమ్మితే మీకు దక్కేది డీలర్ చెప్పిన ధరే.

చివరగా ఒక కాగితం పని. నాణెం పేరు, సంవత్సరం, లోహం, బరువు, కొన్న ధర, సర్టిఫికెట్ నంబర్, ఏ అరలో ఉందో, అన్నీ ఒక పుస్తకంలో రాసి, ప్రతి పెట్టెకు ఫొటో తీయండి. ఇంటికి బీమా ఉంటే సేకరణలకు వర్తిస్తుందో లేదో అడగండి. ఈ జాబితా లేకపోతే, రేపు వీటిని ఎవరు తెరిచినా ముఖవిలువ చూసి చిల్లర అనుకుంటారు. ఆ పనికి మీ అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకోండి. అరవై పెట్టెలు తెరిచి మూసేలోపు అతనికి విసుగొస్తుందో, సరదా పుడుతుందో తెలిసిపోతుంది. వీటిని అతనికి ఉంచాలా, మీరున్నప్పుడే అమ్మేయాలా అన్నది అది చూశాక నిర్ణయించుకోండి.