బండి కంపెనీలో స్పాన్సర్‌షిప్ పని అంటే ఫ్లెక్సీలు కట్టడమేనా?

కావలి నుంచి ఒక నాన్నగారు రాశారు: "సార్ నమస్తే. మా అబ్బాయికి ఈ ఏడు బీబీఏ అయిపోయింది. నెల్లూరులో బ్యాంక్ కోచింగ్‌కి ఫీజు కట్టేశాను. ఇప్పుడేమో ఒక మోటార్ సైకిల్ కంపెనీలో స్పోర్ట్స్ స్పాన్సర్‌షిప్ చూసే ఉద్యోగం అంట, చెన్నైలో రెండో ఇంటర్వ్యూ ఉంది పోతా అంటున్నాడు. వాళ్ళు ఒక హోంవర్క్ కూడా ఇచ్చారు. మీ జిల్లాలో 5 లక్షలు నీ చేతిలో పెడితే ఏ ఆటకి ఇస్తావు, దానివల్ల కంపెనీకి ఏం వస్తుంది, రెండు పేజీలు రాసుకురా అని. వీడు మొత్తం 5 లక్షలు ఒక క్రికెట్ టోర్నమెంట్‌కి టైటిల్ స్పాన్సర్‌గా, అంటే టోర్నమెంట్ పేరు ముందు కంపెనీ పేరు వచ్చేటట్టు, ఇచ్చేస్తానని రాశాడు. ఇది నిజంగా ఉద్యోగమేనా, ఫ్లెక్సీలు కట్టే పనా? పంపమంటారా?"

అన్నా, ముందు ఆ ఫ్లెక్సీల సంగతి చెప్పేస్తా. కడతాడు. మొదటి రెండేళ్ళు గ్యారంటీగా కడతాడు, ఎండలో నిలబడి కట్టిస్తాడు, రాత్రి గాలికి చినిగితే పొద్దున్నే మళ్ళీ కట్టిస్తాడు, అందులో దాచేదేం లేదు. కానీ అది ఉద్యోగం కాదు, ఉద్యోగంలో ఒక ముక్క. అసలు పని ఏందంటే కంపెనీ డబ్బు ఏ ఆటలో పెడితే బండ్లు కదుల్తాయో చూసి చెప్పడం, పెట్టాక నిజంగా కదిలాయా లేదా లెక్క తీసి చూపించడం. ఈ రెండోది చేసేవాళ్ళు చాలా తక్కువ, అందుకే చేసేవాడికి విలువ.

మీ వాడి డ్రాఫ్ట్ గురించి నిష్ఠూరంగా మాట్లాడతా, ఏమనుకోవద్దు. నేను కూడా అదే తప్పు చేశాను కాబట్టి మాట్లాడతా. ఈ కౌన్సెలింగ్‌లోకి రాకముందు ఒంగోల్లో ఒక టూవీలర్ షోరూంలో నాలుగేళ్ళు మార్కెటింగ్ చూశాను. మొదటి సంవత్సరం ఒక క్రికెట్ టోర్నమెంట్‌కి 2 లక్షలు ఇచ్చాం, కప్పు మీద మా పేరు, గ్రౌండు చుట్టూ మా ఫ్లెక్సీలు, పాంప్లెట్ మీద ఓనర్ ఫొటో. పది రోజులు ఆట జరిగింది. మధ్యాహ్నం ఎండకి చూసేవాళ్ళు చెట్టు కింద, ఫ్లెక్సీలు ఎండలో, ఆడే పిలకాయలకేమో అప్పటికే బండ్లున్నాయి. అయిపోయాక మా ఓనర్ ఒకటే అడిగాడు, ఎన్ని బండ్లు పోయాయిరా అని. నా దగ్గర జవాబు లేదు, ఎందుకంటే నేను ఒక్క ఫోన్ నంబర్ కూడా రాసుకోలేదు. ఆ ఫ్లెక్సీల్లో పెద్దది ఒక రైతు తీసుకుపోయి గడ్డివాముకి కప్పాడు, మెయిన్ రోడ్డు పక్కనే, రెండు వానాకాలాలు అక్కడే ఉండింది. ఆ 2 లక్షలకి మాకు దక్కిన పబ్లిసిటీ అంటే నా లెక్కలో ఆ గడ్డివామే.

అందుకే మీ వాడికి చెప్పండి, కప్పు మీద పేరు కొనుక్కోవడం అంటే సినిమా టికెట్ కొనుక్కోవడం లాంటిది, అంతే, లోపల సినిమా మనమే తీసుకోవాలి. ఈ ఫీల్డులో పాతవాళ్ళు చెప్పే లెక్క ఒకటుంది, హక్కులకి రూపాయి ఇస్తే దాన్ని వాడుకోవడానికి కనీసం ఇంకో రూపాయి పక్కన పెట్టుకోవాలి అని. దీన్నే వాళ్ళు యాక్టివేషన్ అంటారు. 5 లక్షలూ టైటిల్‌కే పోస్తే మిగతా పనికి యాడ తెస్తాడు?

పెద్ద కంపెనీలు ఏం చేశాయో చూసినా ఇదే తెలుస్తది. హీరో వాళ్ళు 2011లో హోండా నుంచి విడిపోయాక సొంత పేరుతో బయట దేశాల్లో అమ్ముకోవాల్సి వచ్చింది, ఆ పేరు అక్కడ ఎవరికీ తెలీదు. 2014లో గోల్ఫ్ ఆటగాడు టైగర్ వుడ్స్‌తో ఒప్పందం చేసుకున్నారు. ఇక్కడ మనం నవ్వుకున్నాం, స్ప్లెండర్ కొనేవాడు గోల్ఫ్ చూస్తాడా అని. కావలిలో స్ప్లెండర్ అమ్మడానికి ఆయన ఎందుకు, అది మన కోసం కాదు, బయట దేశాల్లో పేరు నిలబెట్టుకోవడానికి. అదే 2014లో ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) ఫుట్‌బాల్ మొదలైతే టైటిల్ స్పాన్సర్‌షిప్ తీసుకున్నారు, 2023 దాకా ఉన్నారు, అన్నేళ్ళు పట్టుకుని ఉండబట్టే ఆ లీగ్ పేరు చెప్తే ముందు హీరో అని నోటికి వచ్చేది. మూడోది డకార్ ర్యాలీ, ఎడారి ఇసకలో జరిగే పెద్ద రేసు. 2016లో టీం పెట్టారు, 2017లో మొదటిసారి పోయారు, 2024లో ఆ టీం రైడర్ రాస్ బ్రాంచ్ బైకుల్లో రెండో స్థానం కొట్టాడు, మన దేశపు కంపెనీ బండి అంత పైకి ఎక్కడం అదే మొదటిసారి. ఆ ఇసకలో తిరిగిన పేరు ఇక్కడ మట్టిదారుల్లో నడిపే హీరో ఎక్స్‌పల్స్ అమ్మేవాడికి పనికొస్తది, స్ప్లెండర్ అమ్మేవాడికి అంతగా కాదు. చూడండి, ఒకే కంపెనీ, మూడు ఆటలు, మూడిటికీ మూడు వేరే కారణాలు. మీ వాడి రెండు పేజీల్లో ఆ కారణం అనేదే లేదు. క్రికెట్ అయితే అందరూ చూస్తారు అని రాసుంటాడు. అందరూ చూస్తారు, కొనేది ఎవరు?

టీవీఎస్ వాళ్ళది ఇంకో దారి. 1982 నుంచి రేసింగ్ టీం నడుపుతున్నారు, 1994 నుంచి తమ బండ్లతోనే వన్ మేక్ రేసులు పెడుతున్నారు, అంటే అందరూ ఒకే మోడల్ బండి మీద పోటీ పడతారు, ఎవడు గెలిచినా గెలిచేది వాళ్ళ బండే. బండి కంపెనీకి ఇంతకంటే లాభమైన స్పాన్సర్‌షిప్ ఉందా చెప్పండి. వాళ్ళ అపాచీ కొనే పిలకాయలు రేసు బండి రేసు బండి అంటారే, ఆ మాట ఊరికే రాలేదు. ఆ రేసులు జరిగే మద్రాస్ ట్రాక్ శ్రీపెరుంబుదూరు దగ్గరే ఉంది, మన నెల్లూరోళ్ళకి చెన్నై పోయినంత దూరం, మీ వాడు ఒక్కసారి కూడా పోయి ఉండడు, రేస్ వీకెండ్ చూసి పోయి ఒక రోజు నిలబడి చూసి రమ్మనండి. రాయల్ ఎన్‌ఫీల్డ్ అయితే గోవాలో సొంత జాతర పెట్టుకుంటది, ముందు రైడర్ మేనియా అనేవాళ్ళు, 2023 నుంచి మోటోవర్స్ అంటున్నారు. ఎవరి ఆటకో డబ్బులిచ్చే బదులు మన తిరునాళ్ళ మనమే పెట్టుకోవడం అన్నమాట.

ఇక మన రెండో సంవత్సరం కథ. ఈసారి ఓనర్ ఇచ్చింది లక్షన్నరే, మొదటి దెబ్బకి భయపడి. ఒక తిరునాళ్ళలో రాత్రి కబడ్డీ పోటీలు, పక్కన ఎడ్ల బలప్రదర్శన కూడా ఉంది. నా మనసు ఎడ్ల మీదే, ఒంగోలు గిత్తలు రాతి దూలం లాగుతుంటే జనం ఎట్లా ఎగబడతారో మీకు చెప్పాలా. కంపెనీ వాళ్ళు ఒప్పుకోలేదు, జంతుహింస అని రేపు ఎవరైనా వీడియో పెడితే మా పేరు పోతది అన్నారు. అప్పుడు కోపం వచ్చింది గానీ వాళ్ళ మాట కరెక్టే, మీ వాడు కూడా ఈ గుంటలో పడకుండా చూసుకోవాలి, ఊళ్ళో మంచిదే అయినా హెడ్డాఫీసులో నడవనివి కొన్ని ఉంటాయి.

సరే కబడ్డీ. ఇక్కడ జనం కోర్టు చుట్టూ గొంతుక్కూర్చుంటారు, లైట్లు కోర్టు మీదే, కదిలేవాడు లేడు, క్రికెట్ లాగా చెట్టు కిందకి పోయేది లేదు. ఇరవై నిమిషాల ఆట, ఐదు నిమిషాల గ్యాప్, మళ్ళీ ఇరవై. ఆ ఐదు నిమిషాలే మాకు బంగారం. ఫ్లెక్సీలు రెండే కట్టాం. 30 హెల్మెట్లు కొన్నాం, ఎవడైనా ఒక్క కూతలో మూడు పాయింట్లు తెస్తే అప్పటికప్పుడు కోర్టులోనే హెల్మెట్, మైకాయన ప్రతిసారి మా షోరూం పేరు అరిచి చెప్పాలి, అది ముందే కాగితం మీద రాయించుకున్నాం. గేటు దగ్గర రెండు బండ్లు, టెస్ట్ రైడ్‌కి వచ్చినవాడి లైసెన్సు చూసి, హెల్మెట్ పెట్టి, పేరు, ఊరు, ఇప్పుడున్న బండి ఏంది, ఎన్నేళ్ళయింది అని నోటుబుక్కులో రాసుకున్నాం. నాలుగు రాత్రుల్లో 212 పేర్లు. తర్వాత మూడు నెలలు షోరూంకి వచ్చిన ప్రతి కొత్త బిల్లుని ఆ బుక్కుతో పోల్చాను, 19 బండ్లు అందులోవి. అందరూ మా కబడ్డీ వల్లే కొన్నారని చెప్పను, కొందరు ఎట్లాగూ కొనేవాళ్ళే. అందుకని మేం ఏమీ చేయని పక్క మండలంలో అదే మూడు నెలలు ఎన్ని పోయాయి, కిందటేడు ఎన్ని పోయాయి అని కూడా పక్కన రాసి ఓనర్‌కి ఇచ్చాను. ఆ ఒక్క కాగితం చూసి ఆయన మూడో సంవత్సరం నేను అడక్కుండానే డబ్బులిచ్చాడు.

మీ వాడు ఆ రెండు పేజీలు తిరగరాసేటప్పుడు ఇంకొన్ని చూసుకోవాలి. ఎప్పుడు అనేది ఎక్కడ అనేదానికంటే ముఖ్యం. మీ వైపు కలిగిరి, డీసీపల్లి పొగాకు వేలం నడిచి రైతు ఖాతాలో డబ్బు పడే రోజులు వేరు, డెల్టా వైపు వరి కోతల డబ్బు వేరు, రొయ్యల చెరువులోళ్ళ లెక్క ఇంకా వేరు. చేతిలో డబ్బు లేని నెలలో ఎంత మంచి ఆట పెట్టినా చప్పట్లు కొట్టి పోతారు. తర్వాత ఒప్పందంలో టూవీలర్ల వరకు మనమొక్కళ్ళమే అని రాయించుకోవాలి, లేకపోతే మన కప్పు, పక్క కంపెనీ బండి బహుమతి, నేను కళ్ళారా చూశాను. వచ్చే ఏడు కూడా ముందు మనల్నే అడగాలి అని ఒక లైను, ఆటగాళ్ళ ఫొటోలు మన వాట్సాప్‌లో, ఇన్‌స్టాలో వాడుకునే హక్కు ఒక లైను. ఫొటో హక్కు లేకుండా డబ్బులివ్వడం నా దృష్టిలో దండగ. జీఎస్టీ ఎవరు కట్టాలో కూడా ముందే తేల్చుకోవాలి, 18 శాతం తర్వాత నెత్తిన పడితే ఏడవాల్సి వస్తది.

ఆట మీద కాకుండా చుట్టూ జరిగేవాటి మీద కూడా కన్నుండాలి. 2025 ఆగస్టులో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని ఆపే ఆన్‌లైన్ గేమింగ్ చట్టం రాగానే, అట్లాంటి ఆటల యాప్ డ్రీమ్ 11 టీమిండియా జెర్సీ నుంచి తప్పుకుంది, మనోళ్ళు ఆసియా కప్ స్పాన్సర్ పేరు లేని చొక్కాలతో ఆడారు, తర్వాత అపోలో టైర్స్ 579 కోట్లకి తీసుకుంది. అట్లా ఏదైనా అయితే డబ్బు వెనక్కి ఎంత వస్తది అనేది 5 లక్షల ఒప్పందంలో కూడా ఒక లైను రాయొచ్చు. మీ వాడు రాస్తే ఇంటర్వ్యూలో వాళ్ళు తలెత్తి చూస్తారు. ఇంకోటి, బండి కంపెనీ ఈవెంట్‌లో వీలీలు, అంటే ముందు చక్రం పైకి లేపి నడిపే స్టంట్లు చేసే పిలకాయల్ని స్టేజీ ఎక్కించాలని ఐడియా రాస్తే నేనైతే అక్కడే ఫెయిల్ చేస్తాను. ఒక్కడు పడితే మొత్తం స్పాన్సర్‌షిప్ ఆ ఒక్క వీడియోతో పోతది. టీవీలో మన లోగో ఇన్ని సెకన్లు కనపడింది, దాని విలువ ఇన్ని కోట్లు అని ఏజెన్సీలు రిపోర్టులు ఇస్తాయి, అవి చదవడం నేర్చుకోవాలి గానీ నమ్మాల్సిన పని లేదు, ఆ లెక్కలో ఒక్క బండి కూడా ఉండదు.

ఒకటి మాత్రం గుర్తుంటది జనానికి, ఆటలో బండి పాత్రధారి అయినప్పుడు. 1985లో మెల్‌బోర్న్‌లో క్రికెట్ టోర్నమెంట్ గెలిచాక రవిశాస్త్రికి బహుమతిగా ఆడి కారిచ్చారు, టీం మొత్తం ఎక్కి గ్రౌండు చుట్టూ తిరిగింది. నలభై ఏళ్ళయింది, ఆ టోర్నమెంట్ స్పాన్సర్ ఎవరంటే ఎవడూ చెప్పడు, ఆ కారు మాత్రం అందరికీ గుర్తే.

ఇక మీ అసలు ప్రశ్న, పంపాలా వద్దా. పంపండి అన్నా. మీ వాడికి 21 ఉంటాయి, బ్యాంక్ పీఓకి 30 దాకా రాయొచ్చు, నోటిఫికేషన్ ప్రతి ఏడూ వస్తది, ఈ ఇంటర్వ్యూ మాత్రం మళ్ళీ రాదు. కోచింగ్ ఫీజు పోయిందనుకోకండి, అక్కడి లెక్కల క్లాసులు ఇక్కడ కూడా పనికొస్తాయి, నిజంగా చెప్తున్నా, ఈ ఫీల్డులో మాటలు చెప్పేవాళ్ళు కోకొల్లలు, శాతాలు వేసేవాళ్ళే లేరు. మొదట్లో జీతం బ్యాంకు కంటే తక్కువే ఉంటది, తిరుగుడు ఎక్కువ, ఆదివారం అనేది ఉండదు, ఆటలన్నీ ఆదివారాలే కదా. రెండేళ్ళు చేశాక నచ్చితే ఎంబీఏ చేయమనండి, క్యాట్ (ఐఐఎంల ఎంట్రన్స్ పరీక్ష) రాసుకుంటే ఇంకా మంచిది, పూణేలో సింబయాసిస్ వాళ్ళది స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ ఎంబీఏ కూడా ఉంది. ఇప్పుడే లక్షలు పోసి అందులో చేర్పించొద్దు, పని తెలీకుండా పోతే పాఠం ఎక్కదు. రెండేళ్ళలో నచ్చకపోతే అప్పటికి 23, బ్యాంకు ఎక్కడికీ పోదు.

డ్రాఫ్ట్ తిరగరాశాక నాకు పంపమనండి, చూస్తాను. ఇంటర్వ్యూకి ముందు ఆ కంపెనీ షోరూంకి పోయి వాళ్ళ బండి ఒక్కసారైనా నడపమనండి, ఆ నడిపిందేదో పక్క కంపెనీ బండితో కూడా పోల్చుకోమనండి. నేను ఇంటర్వ్యూ చేసిన రోజుల్లో మొదటి ప్రశ్నే మా బండి నడిపావా అని ఉండేది, సగం మంది అక్కడే నీళ్ళు నమిలారు.